సింగపూర్‌లో ఒక గులాబీ రంగు గ్లాసు

సింగపూర్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న. "ముస్తఫాలో ఏం కొన్నావు?" అని. కొన్నాను లెండి, నాలుగు డబ్బాల బాదం పప్పు, పిల్లలకి చాక్లెట్లు, అత్తయ్యకి మోకాళ్ళ నొప్పుల నూనె. సెంతోసా చూశాను, శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్ళాను, మెట్రో రైలెక్కి ఊరంతా తిరిగాను. అవన్నీ మీలో చాలామంది చూసే ఉంటారు. అందుకని వాటి జోలికి పోను. అక్కడ నా మనసులో నిలిచిపోయింది ఒక గ్లాసు. గులాబీ రంగు గ్లాసు. దాని సంగతే చెబుతాను.

మా చెల్లెలు కాపురం అక్కడే, పదకొండో అంతస్తులో. మరిదిగారిది కంప్యూటర్ ఉద్యోగం. "రా అక్కా, రా అక్కా" అని ఏళ్ళ తరబడి పోరు పెడితే చివరికి పోయిన ఏడు బయల్దేరాను. నాలుగో రోజు పొద్దున వాళ్ళిద్దరూ పనుల మీద వెళ్ళారు. చారు పెడదామని చింతపండు కోసం వంటింటి అలమరలన్నీ వెతికాను. అట్టడుగు అరలో బియ్యం సంచి కనిపించింది. దాని వెనక ఏదైనా ఉందేమోనని సంచి పక్కకి జరిపాను. చింతపండు లేదు. వరసగా సీసాలు ఉన్నాయి. ఏడెనిమిది దాకా ఉంటాయి.

నాకు కాళ్ళల్లో వణుకు పుట్టింది. ఎందుకో చెప్పాలంటే మా పుట్టింటి సంగతి కొంచెం చెప్పుకోవాలి.

మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లెటూరు. మా నాన్న చెడ్డవాడు కాదు, కానీ సాయంత్రమైతే ఆయన కాళ్ళు సారా దుకాణం వైపే నడిచేవి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా దుకాణం మూయించారన్న కబురు మా ఊరికీ వచ్చింది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. అమ్మ కూడా చీపురు పట్టుకుని నలుగురితో కలిసి వెళ్ళింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో పూర్తి మద్య నిషేధం పెట్టారు. ఇక మా ఇల్లు బాగుపడిందనుకున్నాం. నాన్న మాత్రం మానలేదు, దాచడం నేర్చుకున్నాడు. వడ్ల బస్తాల వెనక సీసా ఉండేది. నాన్నకి తెలుసు, అమ్మకి తెలుసు, మాకూ తెలుసు. ఎవరం నోరు విప్పేవాళ్ళం కాదు. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ సీసా మాత్రం బస్తాల వెనకే ఉండిపోయింది. నాన్న కాలేయం చెడి పోయినప్పుడు కూడా అమ్మ చుట్టాలందరికీ "కామెర్లు" అనే చెప్పింది.

అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, చెల్లెలి వంటింట్లో బియ్యం సంచి వెనక సీసాలు చూస్తే ఏమైపోతాను? చారు లేదు, పాడు లేదు. సోఫాలో కూలబడ్డాను.

చెల్లి వచ్చీ రాగానే నా ముఖం చూసి కనిపెట్టింది. సంచి జరిగి ఉండటం చూసి తల దించుకుంది.

"మరిదిగారు తాగుతున్నారా?" అన్నాను.

"ఆయనొక్కరే కాదక్కా. నేను కూడా. శనివారం సాయంత్రం ఒక్క గ్లాసు. అవి ఎప్పుడూ హాల్లో అద్దాల బీరువాలోనే ఉంటాయి. నువ్వొస్తున్నావని అక్కడ పెట్టాను" అంది.

నాకు నోట మాట రాలేదు. నాన్నని చూసి పెరిగిన పిల్ల! ఆ పూట మా ఇద్దరి మధ్యా మాటల్లేవు. రాత్రి పడుకునే ముందు తనే వచ్చి మంచం మీద కూర్చుంది. చేతిలో చిన్న స్టీలు గిన్నె ఉంది. శివుడి ఢమరుకంలా రెండు వైపులా గిన్నె, నడుమ సన్నం. ఒక వైపు 30 మిల్లీలీటర్లు, రెండో వైపు 15. "దీంతో కొలవకుండా నేను చుక్క కూడా పొయ్యనక్కా. రేపు నాతో ఒక చోటికి రా. అక్కడ చూశాక తిట్టాలనుంటే తిట్టు" అంది.

మర్నాడు సిటీ హాల్ స్టేషన్‌లో దిగి నడుచుకుంటూ వెళ్ళాం. అదే రాఫిల్స్ హోటల్. తెల్లటి మేడలు, వరండాలు, కొబ్బరాకుల విసనకర్ర విప్పినట్టుండే చెట్లు. గుమ్మంలో తలపాగా, తెల్లటి దుస్తులతో సర్దార్జీ నిలబడి ఉన్నాడు. ఆర్మేనియా జాతికి చెందిన సార్కీస్ సోదరులు 1887లో పది గదుల బంగళాలో ఈ హోటలు పెట్టారట. సింగపూర్ రేవు పట్టణాన్ని 1819లో నెలకొల్పిన ఆంగ్లేయుడు స్టాంఫర్డ్ రాఫిల్స్ పేరు దీనికి పెట్టారు. ఇదున్న వీధి పేరు బీచ్ రోడ్డు. ఒకప్పుడు ఎదురుగా సముద్రం ఉండేదట. తర్వాత సముద్రాన్ని పూడ్చి నేల చేసుకున్నారు కాబట్టి ఇప్పుడక్కడ సముద్రం కనిపించదు, పేరు మాత్రం మిగిలింది. 1987లో దీన్ని జాతీయ స్మారక కట్టడంగా ప్రకటించారు. మళ్ళీ మరమ్మతులు చేసి 2019లో తెరిచారు.

మెట్లెక్కితే లాంగ్ బార్. బార్ అనేసరికి నాకు అడుగు పడలేదు. చెల్లి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. లోపల చూస్తే ముసలమ్మలు, కొత్త దంపతులు, చంటిపిల్లల తల్లులు కూడా ఉన్నారు. పైకప్పుకి తాటాకు విసనకర్రల్లాంటివి వరసగా కట్టి ఉన్నాయి, అవన్నీ ఒక్కసారే అటూ ఇటూ ఊగుతున్నాయి. బల్ల మీద చిన్న గోనె సంచిలో వేరుశనక్కాయలు పెట్టారు. కాయ ఒలిచి తొక్కలు నేల మీదే పారెయ్యాలి, అదీ అక్కడి ఆచారం. వీధిలో కాగితం ముక్క పడేస్తే జరిమానా వేసే ఊళ్ళో ఇక్కడ నడుస్తుంటే కాళ్ళ కింద తొక్కలు కరకరమంటాయి!

చెల్లి సింగపూర్ స్లింగ్ తెప్పించుకుంది. నేను పైనాపిల్ రసం అడిగాను. రెండూ వచ్చాయి. తన గ్లాసు పొడుగ్గా, గులాబీ రంగులో, పైన పాల నురగ లాంటి నురగతో, అంచున అనాస ముక్క, చెర్రీ పండుతో ఉంది. పక్కన పెట్టి చూస్తే రెండూ పండ్ల రసాలే అనుకుంటారు ఎవరైనా.

"అనుకోవాలనే చేశారక్కా" అని చెల్లి ఆ కథ చెప్పింది. హోటలు వాళ్ళు చెప్పేదాన్ని బట్టి 1915లో ఇక్కడ న్గియామ్ టాంగ్ బూన్ అనే చైనా వాడు పానీయాలు కలిపేవాడు. చైనాలోని హైనాన్ దీవి నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళలో చాలామంది హోటళ్ళలో, దొరల వంటిళ్ళలో పనికి కుదిరేవాళ్ళు. ఆ రోజుల్లో మగవాళ్ళు దర్జాగా విస్కీ, జిన్ తాగుతూ కూర్చుంటే ఆడవాళ్ళు మాత్రం నలుగురి ముందు టీ, పండ్ల రసమే తాగాలి. మర్యాద మరి. అప్పుడు ఈయన పండ్ల రసంలాగే కనిపించేలా ఈ గులాబీ రంగు పానీయం కలిపిపెట్టాడట. ఆడవాళ్ళు మర్యాదకి భంగం లేకుండా తాగేవారట. స్లింగ్ అనే పానీయం ఈ ఊళ్ళో అంతకుముందే ఉందనీ, ఆయన రాసుకున్న అసలు కొలతలు పోయాయనీ, ఇప్పటివి తర్వాత కూర్చినవనీ అనేవాళ్ళూ ఉన్నారు. ఏదైతేనేం, పేరు మాత్రం ప్రపంచమంతా పాకింది.

నేను గ్లాసు వంక చూస్తూ ఉండిపోయాను. మగవాడి తాగుడు దాచడానికి మా అమ్మ ఎన్ని అబద్ధాలు ఆడిందో! ఇక్కడ ఆడదాని తాగుడు దాచడానికి ఏకంగా ఒక పానీయమే పుట్టింది. ఎక్కడైనా దాపరికం బరువు ఆడదాని మీదే పడుతుంది కాబోలు.

బిల్లు చూసి మాత్రం గుండె ఆగినంత పనైంది. ఆ ఒక్క గ్లాసుకే నలభై సింగపూర్ డాలర్ల పైన వేశారు. మన డబ్బుల్లో 2,500 రూపాయలకు పైమాటే. "అందుకే ఇంట్లో కలుపుకుంటాం" అంది చెల్లి నవ్వుతూ.

ఇంటికొచ్చాక సీసాలన్నీ బయటికి తీసి భోజనాల బల్ల మీద పెట్టమన్నాను. దాచినవి చూస్తే భయం గానీ ఎదురుగా పెడితే భయమెందుకు? నేను తాగను, తాగబోను. కానీ ముప్పై ఏళ్ళుగా వంట చేస్తున్న దాన్ని, ఏ సరుకు ఎందుకు వేస్తారో తెలుసుకోవచ్చు కదా.

కొలత ఇదీ. జిన్ 30 మిల్లీలీటర్లు, చెర్రీ మద్యం 15, క్వాంత్రో అనే నారింజ మద్యం ఏడున్నర, బెనెడిక్టీన్ ఏడున్నర, పైనాపిల్ రసం 120, నిమ్మరసం 15, గ్రెనడీన్ 10, అంగొస్టూరా బిటర్స్ ఒక్క విదిలింపు. ఐసు ముక్కలు వేసి మూత బిగించి నురగ వచ్చేలా ఆడించాలి.

ఇందులో చాలా వాటి వాసన నాకు తెలిసిందే! బాంబే సఫైర్ జిన్ సీసా మీద వేసిన దినుసుల పేర్లు చెల్లి చదివింది. ధనియాలు, అతిమధురం, బాదం, నిమ్మతొక్క, దాల్చినచెక్క జాతి చెక్క, తోక మిరియాలు. మన కషాయం పొట్లమే అనుకోండి. వీటన్నిటికంటే ముఖ్యమైంది జూనిపర్ అనే చెట్టు కాయ, అది లేనిదే జిన్ కాదట. క్వాంత్రో నారింజ తొక్కలతో చేస్తారు, ఫ్రాన్సు దేశానిది. బెనెడిక్టీన్‌దీ ఆ దేశమే, 27 రకాల మూలికలు, దినుసులు పడతాయట. మూత తీస్తే తేనె, కుంకుమపువ్వు కలిపిన లేహ్యంలా వాసనొచ్చింది. చెర్రీ మద్యం హీరింగ్ కంపెనీది, డెన్మార్కులో 1818లో మొదలైంది. అంగొస్టూరా ట్రినిడాడ్ దీవి సరుకు. చిన్న సీసాకి పెద్ద కాగితం అంటించి ఉంటుంది, పిల్లవాడికి తండ్రి చొక్కా తొడిగినట్టు. మహా చేదు. పులుసులో ఇంగువలాగా చుక్క పడితే చాలు, ఎక్కువైతే అంతా పారబొయ్యాల్సిందే.

ఏ కంపెనీది వాడితే బావుంటుందో చెల్లి, మరిదిగారు రెండేళ్ళుగా పరీక్షలు పెట్టి ఒక నోటు పుస్తకంలో రాసుకున్నారు. గార్డన్స్, బీఫీటర్, బాంబే సఫైర్, మూడు జిన్‌లతోనూ చేశారట. విడిగా వాసన చూస్తే తేడా తెలుస్తుంది గానీ అంత పైనాపిల్ రసం పోశాక ఏది ఏదో చెప్పడం కష్టమట. ఖరీదైన జిన్ ఇందులో పొయ్యడం సాంబారులో కుంకుమపువ్వు వేసినట్టే. నారింజ మద్యంలో మాత్రం చవకరకాలు మరీ తీపెక్కువ, తొక్క ఘాటు తక్కువ. చవక చెర్రీ మద్యం వేస్తే దగ్గు మందు రుచొచ్చిందట. బెనెడిక్టీన్‌కి బదులు మరేదీ కుదరలేదట.

"మరి ఈ రసాలు?" అన్నాను. చూద్దును కదా, పైనాపిల్ రసం అట్టపెట్టెది, నిమ్మరసం సీసాది, గ్రెనడీన్ కూడా సీసాదే! ఇన్ని వేలు పోసి మద్యం కొని, పండు దగ్గర పిసినారితనమా అని కోప్పడ్డాను. గ్రెనడీన్ అంటే అసలు దానిమ్మ పానకం. ఆ సీసా మీద చదివితే దానిమ్మ ఊసే లేదు. చక్కెర పాకం, పులుపు ఉప్పు, ఎర్ర రంగు, అంతే. ఇలాంటివి బజార్లో చాలా ఉంటాయట.

మర్నాడు నేనే ముందుండి టెక్కా మార్కెట్‌కి తీసుకెళ్ళాను. లిటిల్ ఇండియాలో ఉంది అది. మునగకాయలు, కరివేపాకు, అరటాకులు, మన రైతుబజారులో తిరిగినట్టే ఉంటుంది. బాగా పండిన అనాస, నాలుగు దానిమ్మలు, మన నిమ్మకాయలు, ఇంకా కలమాన్సీ అని ఉసిరికాయంత నిమ్మలు కొన్నాం. కలమాన్సీలో పులుపుతో పాటు కమలా పండు వాసన కూడా ఉంటుంది.

దానిమ్మ పానకం నేను చేశాను. మీరూ చేసుకోవచ్చు. గింజలు ఒలిచి గుడ్డలో వేసి పిండాలి. మిక్సీలో వేస్తే లోపలి విత్తు నలిగి వగరు దిగుతుంది. రసం ఒక కప్పుకి చక్కెర ఒక కప్పు. సన్నటి సెగ మీద చక్కెర కరిగేదాకానే ఉంచాలి, మరగనిస్తే రంగు, తాజాదనం రెండూ పోతాయి. దించేముందు రెండు లవంగాలు, వేలెడు నారింజ తొక్క వేసి మూతపెట్టి, చల్లారాక వడకట్టాలి. చెంచాడు నిమ్మరసం కలిపి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఉంటుంది.

ఇక రసాల పందెం మద్యం లేకుండానే పెట్టాం. అట్టపెట్టె రసం, డబ్బా రసం, అప్పుడే తీసి వడకట్టిన రసం, మూడు గ్లాసుల్లో. మూడింటిలోనూ 120 మిల్లీలీటర్ల అనాస రసానికి 15 నిమ్మరసం, 20 దానిమ్మ పానకం, ఐసు. షేకర్ లేకపోయినా మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా చాలు. నూరు లెక్కపెట్టేదాకా ఆడించాం. పెట్టెలో రసానికి నురగ పొంగి వెంటనే చల్లారింది. డబ్బా రసంలో ఉడికిన వాసనొచ్చింది. తాజా రసానికి రెండు వేళ్ళ మందాన నురగ నిలబడింది! రంగు కూడా బజారు గ్రెనడీన్ వేసినట్టు గులాబీలా మెరవలేదు గానీ, కందిన చెంపలా ఎంతో బావుంది. పైన కాస్త సోడా పోసుకుంటే ఇంకా బావుంటుంది. ఒక జాగ్రత్త, మద్యం లేకుండా కావాలంటే బిటర్స్ కూడా వెయ్యకండి, అందులోనూ మద్యం ఉంటుంది. ఆ ఘాటు కోసమే పానకంలో లవంగం, నారింజ తొక్క వేశాను.

శనివారం సాయంత్రం మరిదిగారు తమ ఇద్దరికీ అదే తాజా రసంతో స్లింగ్ కలిపారు. ఒక గుక్క తాగి, "వదినగారూ, రాఫిల్స్‌లో కూడా ఇలా లేదండీ!" అన్నారు. రెండేళ్ళు సీసాలు మార్చి చూసినా రాని రుచి పండు మారిస్తే వచ్చింది. నాకు కొంచెం గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

కానీ వంటమనిషి బుర్ర కదా, లెక్క వేస్తూనే ఉన్నాను. 30, 15, ఏడున్నర, ఏడున్నర, మొత్తం 60 మిల్లీలీటర్లు. మరిదిగారిని అడిగితే పుస్తకంలో కూడి చూశారు. చెర్రీది కాస్త తక్కువ ఘాటు కాబట్టి మొత్తం మీద ఒక పెద్ద పెగ్గు విస్కీకి కొంచెం తక్కువట. అంత మందు ఉన్నా నాలిక్కి పండు, తీపి తప్ప ఇంకేమీ తెలియదు. "విస్కీ అయితే గొంతు మండి ఆపుతుంది. ఇదెవరాపాలి?" అన్నాను. మరిదిగారు జవాబు చెప్పలేదు. చెల్లి మాత్రం గ్లాసు బల్ల మీద పెట్టి నా వంక చూసింది.

ఆ రాత్రి బాల్కనీలో ఇద్దరమే కూర్చున్నాం. కింద దీపాలు, దూరంగా ఓడలు. "నాన్న పోయినప్పుడు కామెర్లని అమ్మ చెప్తుంటే నేనూ తలూపాను అక్కా. ఇప్పటికీ అత్తవారికి అదే తెలుసు" అంది చెల్లి. నేనూ మా అత్తవారికి అదే చెప్పానని ఇన్నాళ్ళకి ఒప్పుకున్నాను. ఇరవై ఏళ్ళలో మేమిద్దరం నాన్న గురించి ఆ మాట అనుకోవడం అదే మొదటిసారి. ఇద్దరం ఏడ్చాం. ఏడ్చాక మనసు తేలికైంది.

"నువ్వు తాగడం నాకిష్టమని చెప్పను. మానెయ్యమనీ చెప్పను, నీ ఇల్లు నీది. ఒక్కటే అడుగుతాను. సీసాలు అద్దాల బీరువాలోనే ఉంచు. నేనొచ్చినా, మీ అత్తగారొచ్చినా తియ్యకు. ఎప్పుడైనా సీసాని బియ్యం సంచి వెనక పెట్టాలనిపిస్తే, ఆ రోజు ముందు నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రైనా సరే" అన్నాను. చెల్లి నా ఒళ్ళో తలపెట్టుకుని "సరే అక్కా" అంది.

తిరిగొచ్చేటప్పుడు చెల్లి నా పెట్టెలో ఆ ఢమరుకం గిన్నె పెట్టింది. ఇప్పుడది మా వంటింట్లో ఉంది. వేసవిలో ఇంటికొచ్చినవాళ్ళకి అనాస, దానిమ్మ, నిమ్మ కొలిచి కలిపి ఇస్తున్నాను. అనంతపురం దానిమ్మ అయితే రంగు మరీ బావుంటోంది. ఇదేం పానీయమండీ అని అడిగినవాళ్ళకి సింగపూర్ కథంతా చెబుతాను. మొన్న మా పెద్దమ్మాయి అడిగితే తాతయ్య కథ కూడా చెప్పాను. కామెర్లు అని చెప్పలేదు.